కూర్చోబెట్టే చెయ్యి

హొన్నాపూర్‌లో ఎవరైనా పోతే చుట్టాలకన్నా ముందు కబురు వెళ్ళేది గురులింగప్పకే. ఆయన అయ్యగారూ కాదు, వైద్యుడూ కాదు. మూడెకరాల్లో అల్లం, రెండెకరాల్లో చెరకు పండించే రైతు. అరవై ఎనిమిదేళ్ళు నిండినా మోకాళ్ళు ఇంకా మాట వింటున్న మనిషి. అయితే ఆ చేతులకు ఒక పని తెలుసు. ఆ ఊళ్ళో ముప్పాతిక మంది లింగాయతులు. వాళ్ళు తమ మనిషిని పడుకోబెట్టి పాతిపెట్టరు. బాసింపట్టు వేయించి, ఎడమ అరచేతిలో లింగం ఉంచి, కూర్చోబెట్టి సమాధి చేస్తారు.

చెప్పుకోవడానికి సులువే. ప్రాణం పోయిన రెండు మూడు గంటల్లో ఒళ్ళు కట్టెబారడం మొదలవుతుంది. ఆలోపే మోకాళ్ళు మడవాలి, నడుము నిలపాలి, మెడ వాలిపోకుండా గోడకు ఆనించి తెల్లగుడ్డతో కట్టాలి. ఆత్రంగా లాగితే కీలు విరుగుతుంది. గురులింగప్ప ఏనాడూ లాగడు. వేడినీళ్ళలో పిండిన గుడ్డ మోకాలికి చుట్టి, పోయినవాళ్ళ చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తాడు. "జర మడువు బిడ్డా, ఇదొక్కటే, ఇగ అయిపోయింది" అని బతిమాలతాడు. బతికున్నవాళ్ళతో ఆయన అంత మెత్తగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. భార్య నీలమ్మ దెప్పనే దెప్పేది. "ఊరోళ్ళందర్నీ కూర్చోబెడ్తవు గని, ఇంట్ల నువ్వు ఒక్క గడియ కూర్చోవు. సరే, నా దినం వచ్చినప్పుడు నన్నన్న మంచిగ కూర్చోబెట్టు. మెడ వాలనియ్యకు, నలుగురు చూస్తరు."

"నాకంటె ముందు పోతవా నువ్వు? గంత పుణ్యం నాకేడిది?" అని ఆయన నవ్వేవాడు.

ఇదంతా రోడ్డుతో ముడిపడ్డ కథ. చిరాగ్‌పల్లి దాటాక హైదరాబాద్–ముంబై రోడ్డు హొన్నాపూర్‌ను సొరకాయను కోసినట్టు రెండు ముక్కలు చేసింది. ఇళ్ళు ఇటు, పొలాలు అటు. సమాధులు కూడా అటే. రోడ్డును వెడల్పు చేసినప్పుడు నడుమ గోడ కట్టుకుంటూ పోయి, ఊరివాళ్ళు గోల చేస్తే ట్రాక్టరు పట్టేంత సందు ఒకటి వదిలారు. ఆ సందులోంచే పాలు వెళ్ళాలి, పిల్లలు బడికి వెళ్ళాలి, చెరకు బండి వెళ్ళాలి, చచ్చినవాళ్ళూ వెళ్ళాలి. బొంబాయి నుంచి వచ్చే లారీవాడికి హొన్నాపూర్ అనే ఊరొకటి ఉందనే తెలియదు. తెలిసేసరికి దాటిపోతాడు.

కింద నుంచి దారి కావాలని, అండర్‌పాస్ అనే ఆ ఒక్క మాటనే, ఊరు అయిదేళ్ళుగా జపిస్తోంది.

రోడ్డు వెడల్పయిన కొత్తలో శంకరప్ప కొడుకు ఇంద్రసేన ఆ సందులో పోయాడు. ఆ రోజు ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. పిల్లవాణ్ణి జహీరాబాద్ దవాఖానకు తీసుకెళ్ళి, పోస్టుమార్టం చేసి, మర్నాటి సాయంత్రం చేతికిచ్చారు. ఒళ్ళు కొయ్యలా ఉంది, పొట్ట మీద కుట్లు. అయినా కూర్చోబెట్టమని శంకరప్ప కాళ్ళమీద పడ్డాడు. గురులింగప్ప మొదటిసారి, ఒకే ఒక్కసారి, బలంగా మడిచాడు. మోకాలు పటుక్కుమంది. ఆ చప్పుడుకు ఇంట్లో ఆడవాళ్ళ ఏడుపు ఆగిపోయింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

అప్పటి నుంచి ఆయనే ఊరికి ఒక కట్టుబాటు పెట్టాడు. సందులో ఎవరైనా పోతే మంచం మీద వేసి ముందు ఇంటికి తేవాలి. పోలీసు ఊసెత్తొద్దు. అడిగితే ట్రాక్టరు మీంచి పడ్డాడనో, గుండె ఆగిందనో చెప్పాలి. "పాణం ఎట్లాగూ పాయె. ఇగ కోయించుడెందుకు?" అన్నాడు. గుద్దినవాడు ఎలాగూ ఆగడు, ఆగినా పోయినవాడు రాడు. ఊరికి ఆ మాట నచ్చింది. ఎంతగా నచ్చిందంటే, కాళ్ళు విరిగినవాళ్ళు కూడా దవాఖానలో "బండి మీదికెల్లి పడ్డ" అని రాయించుకోవడం మొదలుపెట్టారు. మూడేళ్ళలో ఏడుగురు ఆ సందులో పోయారు. ఏడుగురినీ గురులింగప్ప గంటలోపే కూర్చోబెట్టాడు. ఒక్కరికి కూడా మెడ వాలలేదు. ఆయనకు అది గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు?

ఊరి బడిలో వీరేశ్ అనే పంతులు ఉన్నాడు. పిల్లల్ని సందు దాటించడానికి రోజూ పొద్దున ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేవాడు, మిగతా టైమంతా అర్జీలు రాసేవాడు. కలెక్టరుకు రాశాడు, రోడ్డు ఆఫీసుకు రాశాడు, దిక్కున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ రాశాడు. ఎట్టకేలకు ఒక ఎంపీ ఆ కాగితం పట్టుకుని ఢిల్లీలో, పార్లమెంటులో, ప్రశ్న వేశాడు. హొన్నాపూర్ పేరు పార్లమెంటులో పలికిందని ఊళ్ళో పటాకులు కాల్చారు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. వీరేశ్ దాన్ని పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి చదివాడు.

సదరు స్థలంలో గత మూడేళ్ళలో నమోదైన మరణాలు: ఒకటి. అది ప్రమాద స్థలాల జాబితాలోకి రాదు. కనుక అండర్‌పాస్ ప్రతిపాదన ఏదీ లేదు.

అరుగు దద్దరిల్లింది. "ఒక్కటా? వాళ్ళ నోట్ల మన్ను వడ! ఏడుగురు పోయిన్రు గదరా!" అని శంకరప్ప లేచాడు. ఢిల్లీ అబద్ధాలని ఒకడు, లంచాలని ఒకడు. తలా ఒక తిట్టు. ఈ గోలలో గురులింగప్ప ఒక్కడే గోడకు ఆనుకుని కదలకుండా ఉన్నాడు. ఆ ఒక్కడెవరో ఆయనకు తెలుసు. ఇంద్రసేన కాదు, వాడు పోయి మూడేళ్ళు దాటిపోయింది. నిరుటి ఎండాకాలం సందు దగ్గర పోయిన బీహారు లారీ డ్రైవరు. వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. దిక్కులేనివాడు లెక్కలోకి ఎక్కాడు. దిక్కున్న ఏడుగురినీ ఆయనే లెక్కలోంచి దించాడు.

జనం పోయేదాకా ఆగి వీరేశ్ దగ్గరికి వెళ్ళాడు. "సారూ, ఢిల్లీవోళ్ళు అబద్ధం రాయలే. నేను రాయనియ్యలే."

వీరేశ్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తిట్టలేదు, అదే ఆయనకు ఎక్కువ కష్టమనిపించింది. నియమం ఏమిటో మాత్రం విడమరిచి చెప్పాడు. అర కిలోమీటరు రోడ్డు ముక్కలో, మూడేళ్ళలో, మనిషి చచ్చిందో ఒళ్ళు విరిగిందో అయిన ప్రమాదాలు అయిదు నమోదవ్వాలి. అప్పుడే అది ఢిల్లీ కంటికి ప్రమాద స్థలం. "మనకు ఏడు ఉన్నయి కాకా. కాయితం మీద ఒకటే ఉన్నది. వచ్చే నెల పార్లమెంటు కమిటీ జహీరాబాద్ వస్తున్నది, రోడ్లు, రైళ్ళు ఎట్లున్నయో చూసుకుంట. ఎవలైనా పోయి చెప్పుకోవచ్చట. నువ్వు చెప్తవా?"

"చెప్త. ఏడిండ్లోళ్ళను గుడ తోల్కపోత."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గురులింగప్ప ఏడిళ్ళూ తిరిగాడు. ఆ ఏడుగురిలో ఒకడైన బస్వరాజ్ తమ్ముడు తలుపు దగ్గరే ఆపేశాడు. ఇప్పుడు ఫిర్యాదు ఇస్తే పోలీసులు సమాధి తవ్వుతారని అప్పటికే ఊరంతా పాకిపోయింది. అందులో అబద్ధమూ లేదు. మిగతావాళ్ళూ అదే మాట అన్నారు. చివరికి అనంతమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె కొడుకు రాకేశ్ ట్రాక్టరు ఫ్యాక్టరీలో కొత్తగా చేరి, రెండో షిఫ్టుకు బయలుదేరుతూ సందులో పోయాడు. అప్పటికి ఏడాదిన్నర. అనంతమ్మ జొన్నలు చెరుగుతోంది, చేట ఆపలేదు.

"మామా, నా పోరన్ని పండుకున్నట్టు గాక, మఠంల అయ్యగారు కూసున్నట్టు కూసోబెట్టినవు. అదొక్కటే యాది పెట్టుకొని బతుకుతున్న. ఇప్పుడొచ్చి లేపుత అంటవా?"

ఆయన ఇంటికి వచ్చి నీలమ్మ పెట్టిన రొట్టె కూడా తినకుండా పడుకున్నాడు.

కమిటీ ముందుకు ఆయన ఒక్కడే వెళ్ళాడు, తోడుగా వీరేశ్. గెస్ట్‌హౌసు బయట టెంటు వేశారు. రైలు ఆగాలని అడిగేవాళ్ళు, రైలు గేటు తీసెయ్యమనేవాళ్ళు, లారీ యజమానులు, అల్లం వ్యాపారులు. పొద్దుటి నుంచి కూర్చుంటే మూడు గంటలకు లోపలికి పిలిచారు. పొడుగాటి బల్లకు ఒకవైపు ఎంపీలు, ఒకవైపు ఆఫీసర్లు. నడుమ ఒక తెల్లజుట్టు ఎంపీ ఉంది, మరాఠీ ఆమె. ఆమె ఆఫీసరును గుచ్చి గుచ్చి అడుగుతోంది. ఊరిని నడిమికి కోసినప్పుడు మనుషులు ఎటు నుంచి దాటుతారని అనుకున్నారు? నక్షా గీసినవాళ్ళు ఒక్కసారైనా ఆ ఊళ్ళో దిగారా? ఆఫీసరు నెమ్మదస్తుడు. ఫైలు తిప్పి, "మేడమ్, ఆ చోట కేసులు లేవు. లేని కేసుకు మేమేం చెయ్యగలం?" అన్నాడు. పాపం, వాడు చెప్పిందీ నిజమే.

గురులింగప్ప లేచాడు. తనకు వచ్చిన దక్కనీ ఉర్దూలో, మధ్యమధ్య మరాఠీ కలిపి చెప్పాడు. ఏడుగురి పేర్లూ చెప్పాడు. బస్వరాజ్ ఎడమ తుంటి ఎక్కడ చితికిందో, రాకేశ్ మెడ నిలపడానికి ఎన్ని చుట్లు గుడ్డ పట్టిందో చెప్పాడు. "వీళ్ళను దాచింది నేను. వేరేవాళ్ళ తప్పు లేదు. కోస్తే కూర్చోబెట్టడం కుదరదని దాచిన" అన్నాడు. బల్ల దగ్గర రాసేవాడి పెన్ను ఆగింది. ఆమె రాసుకోమని సైగ చేసింది.

తర్వాత ఆమె ఆయన్ని దగ్గరికి పిలిచి మాట దాచకుండా చెప్పింది. కమిటీ అడగగలదు, రిపోర్టులో రాయగలదు, ప్రభుత్వం దానికి మళ్ళీ జవాబు ఇస్తుంది. కానీ జవాబు ఇచ్చేవాళ్ళు మళ్ళీ పోలీసు రికార్డే చూస్తారు. "బాబా, మీ మాట నేను నమ్ముతున్నాను. నా నమ్మకంతో అండర్‌పాస్ కట్టరు. ఇప్పటి నుంచైనా ఒక్కరిని కూడా దాచకండి."

ఆ వారమే ఆయన ఊరిని పిలిచి కట్టుబాటు తిప్పేశాడు. సందులో ఏం జరిగినా పోలీసులు వచ్చేదాకా మనిషిని కదపకూడదు. ఊరు ఆయన్ని నానా మాటలూ అంది. నిన్నటిదాకా కొయ్యొద్దన్న నోటితోనే ఇప్పుడు కొయ్యమంటావా అంది. శంకరప్ప మాట్లాడటం మానేశాడు. ఇంట్లో నీలమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగింది.

"ఎవలకైనా గంతేనా?"

"ఎవలకైనా."

"నాకైనా?"

ఆయన నీళ్ళచెంబు అందుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆరు నెలలకు కమిటీ రిపోర్టు వచ్చింది. రెండు వందల పేజీల్లో హొన్నాపూర్‌కు నాలుగు వరుసలు దక్కాయి. ఇలాంటి ఊళ్ళలో నమోదు కాని మరణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని సిఫార్సు. ఇంకో మూడు నెలలకు దానికి ప్రభుత్వం జవాబు: నమోదైన సమాచారం ఆధారంగా పరిశీలిస్తాం. వీరేశ్ ఆ ముక్క చదివి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, అరుగు ఎక్కలేదు.

అల్లం తవ్వకం రోజులు. గురులింగప్ప తెల్లారకముందే పొలానికి పోయాడు. ఏడున్నరకు నీలమ్మ రొట్టెల మూట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. ఎర్రగుడ్డ పట్టుకునే వీరేశ్ ఇంకా రాలేదు. సందులో ఆమె సగం దాటింది. అవతల నుంచి వచ్చిన లారీ కాస్త నెమ్మదించి, మళ్ళీ వేగం అందుకుని కర్ణాటక వైపు వెళ్ళిపోయింది.

గట్టు మీంచి జనం ఉరకడం చూసి ఆయన ఉరికాడు. వచ్చేసరికి అయిపోయింది. ముఖానికి ఏమీ కాలేదు. మూట విడిపోయి రొట్టెలు రోడ్డు మీద పడి ఉన్నాయి. ఆయన ఆమె తలను ఒళ్ళోకి తీసుకోబోయి ఆగిపోయాడు. కదపకూడదని చెప్పింది తనే.

మంచం అప్పటికే వచ్చింది. తెచ్చింది శంకరప్ప, తొమ్మిది నెలలుగా మాట్లాడని మనిషి. పక్కనే కూలబడ్డాడు. "గురులింగా, బయటోడు ఎవ్వడు చూడలే. లేపుదాం పా. టైమున్నది. నీకన్న మంచిగ ఆమెను ఎవలు కూసోబెడ్తరు చెప్పు?"

ఆయన చెయ్యి దానంతటదే ఆమె మోకాలి కిందికి పోయింది. మోకాలు మెత్తగా ఉంది. ఇప్పుడు ఎత్తుకెళ్ళి, వేడినీళ్ళ గుడ్డ చుట్టి, "జర మడువు నీలా" అంటే ఇట్టే మడుచుకుంటుంది. మెడ వాలనివ్వొద్దంది. ఆమె జన్మలో ఆయన్ని అడిగింది ఆ ఒక్కటే. చీర అడగలేదు, నగ అడగలేదు. గురులింగప్ప రోడ్డు మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. వీరేశ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఫోన్ కొట్టు సారూ" అన్నాడు గురులింగప్ప. మోకాలి కింది నుంచి మాత్రం చెయ్యి తీయలేదు.

పోలీసులు వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. కొలతలు, ఫోటోలు, సాక్షుల సంతకాలు. ఎండెక్కింది. పది గంటలకు ఆయన అరచేతికి తెలిసింది, మోకాలు బిగుస్తోందని. ఎవరికీ చెప్పలేదు. రాసే కానిస్టేబులు స్థలం దగ్గర "చిరాగ్‌పల్లి సమీపంలో" అని రాస్తుంటే మాత్రం గట్టిగా అన్నాడు.

"గట్ల రాయకు బిడ్డా. హొన్నాపూర్ సందు అని రాయి. గా కిలోమీటరు రాయి మీది నంబరు గుడ వెయ్యి. మా ఆడామె ఈడ వోయింది, ఈడనే రాయి."

కానిస్టేబులు ఆ ముక్క కొట్టేసి మళ్ళీ రాశాడు.

దవాఖానలో కోసి, మర్నాడు మధ్యాహ్నం ఆమెను చేతికిచ్చారు. సమాధుల దగ్గర గడ్డపారలు పట్టుకున్నవాళ్ళు ఆయన కోసం ఆగి ఉన్నారు. ఎప్పటిలా నాలుగు మూలలూ సమంగా గీత గీసి పెట్టారు. ఎలా తవ్వాలని ఒకడు కళ్ళతోనే అడిగాడు. ఇంద్రసేన మోకాలి చప్పుడు ఆయన చెవిలో ఇంకా ఉంది.

"పొడుగ్గ తవ్వున్రి" అన్నాడు. "ఆమెను విరవను."

హొన్నాపూర్ లింగాయతుల సమాధుల్లో పొడుగుగా ఉన్నది అదొక్కటే. లింగం ఎడమ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసుకోకపోతే దారంతో కట్టి, నీలమ్మను పడుకోబెట్టారు. మెడ కింద ఆయన తన తలగుడ్డ మడిచి పెట్టాడు.

మూడో రోజు ఇంటి ముందు జనం కూర్చున్నారు. ఏడిళ్ళవాళ్ళూ వచ్చారు, ఆడవాళ్ళు గోడ పక్కన. గురులింగప్పే వీరేశ్‌ను అడిగాడు.

"సారూ, ఇప్పుడు కాయితం మీద ఎన్నయినయి?"

"వద్దు కాకా, ఇప్పుడెందుకు?"

"చెప్పు."

"రెండు." వీరేశ్ తల దించుకున్నాడు. "డ్రైవరు ఒకటి, అమ్మ ఒకటి."

"ఇంక మూడు గావాలె."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. కానీ విన్నవాళ్ళ కళ్ళు వాకిలి దాటి, సందు వైపు, అక్కడ బడి నుంచి వచ్చే పిల్లలను దాటిస్తున్నవాళ్ళ వైపు పోయాయి. ఆ మూడు ఎవరి ఇంట్లోంచి వస్తాయో అని ప్రతి ఒక్కరూ తమ ఇంటినే తలుచుకున్నారు. శంకరప్ప ముఖం కప్పుకున్నాడు.

గోడ పక్కన అనంతమ్మ లేచింది. కొంగు నడుముకు దోపుకుని వచ్చి వీరేశ్ ఎదుట నిలబడింది.

"మూడు కోసం రోడ్డు మీద జూసుడెందుకు? నా కొడుకు ఉన్నడు గదా. మూడేండ్లు గుడ నిండలే. రాయి సారూ, ఫిర్యాది రాయి. ఏలిముద్ర గాదు, సంతకమే పెడ్త."

"అనంతమ్మా, తవ్వుతరు" అన్నాడు గురులింగప్ప. "తహసీల్దారు ముందల తవ్వుతరు. కోస్తరు. ఆలోచన జెయ్యి."

"చేసిన." ఆమె నడుముకు దోపిన కొంగు బిగించింది. "నీలత్తను నువ్వు పండవెట్టంగ చూసిన. గప్పుడే చేసిన. గని ఒక్కటి మామా. పోలీసోళ్ళ చెయ్యి వాని మీద పడొద్దు. కూసోబెట్టిన చెయ్యే లేపాలె. నువ్వే దిగాలె గుంతల."

బస్వరాజ్ తమ్ముడు కూడా నెమ్మదిగా లేచి, అనంతమ్మ వెనక వచ్చి నిలబడ్డాడు. వీరేశ్ జేబులోంచి పెన్ను తీశాడు గాని కాగితం లేదు. గురులింగప్ప ఇంట్లోకి వెళ్ళి, నీలమ్మ సామాన్ల లెక్క రాయించుకునే నోటుబుక్కులోంచి రెండు తెల్ల కాగితాలు చింపి తెచ్చి ఇచ్చాడు.

"దిగుత బిడ్డా" అన్నాడు. "ఏ దినం తవ్వుతరో అడుగు సారూ. రాకేశ్‌కు నేను ముందుగల్ల చెప్పుకోవాలె."